అతుకు దగ్గర

కోనసీమలో ఇల్లు కట్టుకుంటున్నవాణ్ని "నీళ్లు పడ్డాయా?" అని ఎవరూ అడగరు. "నీళ్లెలా ఉన్నాయి?" అని అడుగుతారు. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వసిష్ఠ, నడిమధ్య వైనతేయ, దిగువన సముద్రం. ఇక్కడ నీళ్లు పడకపోవడమంటూ ఉండదు, పడ్డవి ఎలాంటివన్నదే పేచీ. ఏటిగట్టు పక్క ఇసక నేలలో తవ్విన నూతి నీళ్లు తియ్యగా ఉంటాయి. అల్లవరం వైపో, సఖినేటిపల్లి వైపో సముద్రానికి దగ్గరపడేకొద్దీ ఒక గుక్క నోట్లో పోసుకుని చూసిగాని చెప్పలేం. అంతెందుకు, ఒకే వీధిలో ఒక నూతి నీళ్లకు కందిపప్పు వెన్నలా ఉడుకుతుంది. నాలుగిళ్ల అవతల నూతి నీళ్లకు ఎంతసేపు మంట పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్ల పరీక్షకు మా పెద్దవాళ్లు ఏ ప్రయోగశాలకూ పోలేదు, పప్పుగిన్నె చాలింది.

నూతి నుంచి ఇంట్లోకి వేసే గొట్టం సంగతి కూడా ఆ పప్పుగిన్నె దగ్గరే మొదలు కావాలని నా వాదన. అలా ఎక్కడా మొదలవదు. అమలాపురంలోనో రాజోలులోనో సామాన్ల కొట్టు ముందు నిలబడి మనం అడిగే మొదటి మాట "అంగుళం పైపు లెంగ్తు ఎంత?" అని. దాని మీద పావుగంట బేరం. ఆ కంపెనీదా, ఈ కంపెనీదా, పక్కకొట్లో తక్కువట కదా, అన్నీ అయ్యాక చివర్లో ఒక ప్లాస్టిక్ సంచిలో ఎల్బోలు, టీలు, కప్లింగులు, నిప్పళ్లు గుప్పెడు గుప్పెడు పోయించుకుని వస్తాం. బిల్లులో ఆ సంచికి విడిగా వివరం కూడా ఉండదు, "ఇతర సామాన్లు" అని ఒక వరస. ఊళ్లో ఎక్కడ ఏ లైను పోయినా నిలబడి చూసే అలవాటున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను: నడుమ తెగిన గొట్టాలు తక్కువ. కారేది, విరిగేది, తుప్పు పట్టేది, గాలి పీల్చేది అంతా అతుకు దగ్గరే. మనం బేరమాడింది ఆ సంచి గురించి కాదు.

మా కింద ఉన్న మంచినీళ్ల కథ కొంచెం చెప్పాలి. అవి అడుగంటా ఉన్నవి కావు. పై పొర మంచిది, దాని కింద ఉప్పు. డెల్టా పేరుకుంటున్న కాలంలో సముద్రం బంకమట్టి పొరల్లో వదిలిపోయిన ఉప్పు ఇంకా అక్కడే ఉంది. పైన ఉన్నది వాననీరు, ఏటినీరు, కాలవ నీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారడం మొదలయ్యాక బోదెల్లోంచీ వరిచేలల్లోంచీ ఇంకే నీరు కూడా ఈ పొరకు ఆసరా అయింది. అందుకే వేసవిలో కాలవలు కట్టేశాక మా నూతుల్లో మట్టం దిగుతుంది, కొన్ని చోట్ల రుచి కూడా మారుతుంది.

సముద్రం పక్క నేలల్లో ఈ రెండు నీళ్ల పొత్తు ఎలా ఉంటుందో 19వ శతాబ్దం చివర డచ్చి ఇంజనీరు బాడన్ గైబెన్, ఆ తరవాత జర్మనీలో హెర్జ్‌బర్గ్ ఎవరికి వారే లెక్క కట్టారు. సముద్ర మట్టం కన్నా మంచినీళ్లు ఒక అడుగు ఎత్తున నిలిస్తే, ఆ మట్టానికి కింద నలభై అడుగుల దాకా మంచినీళ్లుంటాయి. తిరగేసి చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పు నలభై అడుగులు పైకి రావడానికి చూస్తుంది. మా బంకమట్టి పొరల్లో లెక్క ఇంత నిక్కచ్చిగా నడవదుగాని దారి మాత్రం ఇదే. అనంతపురంలో నీళ్లు చాలకపోతే బోరు ఇంకా లోతుకు దింపుతారు. ఇక్కడ "ఇంకో రెండు గొట్టాలు దింపేద్దామండీ" అన్నవాడి మాట వింటే ఉప్పులోకి దిగినట్టే. పెద్ద మోటారు పెట్టి పది నిమిషాల్లో ట్యాంకు నింపేయడం కన్నా, చిన్న మోటారుతో తీరుబడిగా నింపుకోవడం ఈ నేలకు నప్పుతుంది. గొట్టం సైజు, మోటారు సైజు అన్నీ దీన్నిబట్టే.

మా ఇళ్లల్లో బోర్లు, ఫిల్టరు పాయింట్లు ఎన్నొచ్చినా నుయ్యి ఇంకా ఉంది. సిమెంటు ఒరల నుయ్యి, దాని గట్టు మీద గిలక లేని రాతికమ్మీలు, పక్కన రేకు కప్పిన మోటారు. మోటారు గట్టు మీద కూర్చుని పని చేయగలుగుతోందంటే అది ఈ నేల పుణ్యం. పైన కూర్చున్న మోటారు నీళ్లను లాగుతుందని అనుకుంటాం గాని, అది చేసేదల్లా గొట్టంలో ఒత్తిడి తగ్గించడం. నీళ్లను పైకి నెట్టేది నూతి మీదున్న గాలి బరువు. ఆ బరువుకు ఒక హద్దుంది. పీల్చే పంపు నీళ్లను ఒక ఎత్తు దాటి తేలేకపోతోందన్న పనివాళ్ల గొడవను గెలీలియో 1638 నాటి తన పుస్తకంలో ప్రస్తావించాడు. కారణం కొన్నేళ్లకు ఆయన శిష్యుడు టొరిసెల్లి పాదరసం గొట్టంతో తేల్చాడు. లెక్క ప్రకారం ముప్ఫైనాలుగు అడుగులు, పనిలోకి వచ్చేసరికి పాతిక అడుగులు. మా నూతుల్లో నీళ్లు అంతకన్నా చాలా పైనే ఉంటాయి కాబట్టి సబ్‌మెర్సిబుల్ అక్కర్లేకుండా గడిచిపోతోంది.

కాని ఈ పీల్చే గొట్టమే అసలు మాయలాడి. మోటారు దాటి ట్యాంకుకు ఎక్కే గొట్టంలో అతుకు వదులైతే నీళ్లు బయటికి చిమ్ముతాయి, ఇంటిల్లిపాదీ చూస్తారు. నూతిలోకి దిగే గొట్టంలో అతుకు వదులైతే చుక్క కూడా కారదు. గాలి లోపలికి పోతుంది. మోటారు ఊరికే గుయ్‌మంటుంది, నీళ్లు రావు. వెంటనే నింద గొట్టం అడుగునుండే ఫుట్‌వాల్వు మీద పడుతుంది. నూతిలోంచి గొట్టమంతా పైకి లాగి, ఫుట్‌వాల్వు విప్పి, అందులో ఇరుక్కున్న ఆకూ అలమూ తీసి, మళ్లీ దింపి, చెంబులతో నీళ్లు పోసి చూస్తే ఒక పూట పని చేసి మర్నాడు మళ్లీ అదే పాట. నిజంగా గాలి ఎక్కడ పోతోందో తెలియాలంటే మోటారు నడుస్తుండగా అతుకుల మీద సబ్బు నురగ రాస్తే సరి. మంచి అతుకు మీద నురగ అలాగే కూర్చుంటుంది, చెడ్డదాని మీద లోపలికి జారిపోతుంది. మా మేస్త్రి గడ్డం గీసుకునే క్రీము వాడతాడు. "బట్టల సబ్బు కన్నా ఇది ఎక్కువసేపు నిలుస్తుందండి" అంటాడు. అది ఆయన సొంత పరిశోధన.

అందుకే పీల్చే వైపు అతుకులు ఎంత తగ్గితే అంత మంచిది. ఒక ఫుట్‌వాల్వు, ఒక నిలువు గొట్టం, పైన ఒకే ఒక్క వంపు, మోటారు. నూతిగోడ వంకరగా ఉందని ఎల్బో మీద ఎల్బో తిప్పుకుంటూ పోయేవాణ్ని ఆపేయాలి. గొట్టం కూడా ఎక్కే వైపు కన్నా ఒక సైజు పెద్దదుండాలి. మోటారు మూతి అంగుళమే ఉన్నా సరే నూతిలోకి అంగుళంపావు దింపి, మూతి దగ్గర రెడ్యూసర్ పెట్టుకోవాలి.

ఇనుప గొట్టాల కాలం మా తరం చూసింది. జి.ఐ. పైపు మీద పసుపు పట్టీ ఉంటే ఏ క్లాసు, నీలం ఉంటే బి, ఎరుపు ఉంటే సి, దళసరి ఆ వరసలో పెరుగుతుంది. పెళ్లిసంబంధం కుదిర్చినంత శ్రద్ధగా పెద్దవాళ్లు ఆ పట్టీ చూసి కొనేవారు. ఇనుము మీద జింకు పూత పూసే పద్ధతికి ఫ్రాన్సులో సోరెల్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. జింకు ముందు తాను అరిగి ఇనుమును కాపాడుతుంది. బాగానే ఉంది, కాని అతుకు వేయాలంటే గొట్టం చివర మర కోయాలి. డై పట్టి మర కోయగానే ఆ చోట జింకు పోయింది, దళసరిలో కూడా చాలా భాగం పోయింది. సి క్లాసు కొన్న డబ్బంతా గొట్టం నడుమ ఉంది, చివర మాత్రం పలచని పచ్చి ఇనుము. అక్కడ నార చుట్టి, సఫేదా రాసి, రెంచితో బిగించేవారు. ఉప్పునీళ్లు ఆ నార వెనకనుంచే పని మొదలుపెట్టేవి. దానికి తోడు చివర్లో ఇత్తడి కుళాయో వాల్వో తగిలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఉప్పునీళ్లలో రెండు వేరు లోహాలు ఆనుకుని ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఇత్తడి నిగనిగలాడుతూనే ఉంటుంది, పక్కన ఇనుము పొట్టు రాలుతుంటుంది.

ఇనుప గొట్టం వేయకపోయినా మా నీళ్లల్లో ఇనుము ఎలాగూ ఉంటుంది. బోరింగు కొట్టగానే స్వచ్ఛంగా కనిపించిన నీళ్లు బిందెలో సాయంత్రానికి ఎర్రబడతాయి. నేల కింద కరిగి ఉన్న ఇనుము గాలి తగిలేసరికి తుప్పుగా విడిపోతుంది. ఆ నీళ్లతో టీ పెడితే డికాషను సిరాలా నల్లబడుతుంది. తెల్ల పంచెలు ఏడాది తిరిగేసరికి కాషాయం పుచ్చుకుంటాయి. అలాంటి నీళ్లకు గొట్టం లోపల నున్నగా ఉండాలి, తుప్పు పేరుకున్నా కడుక్కోవడానికి వీలుండాలి. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ప్లాస్టిక్కే. నంద్యాల నందివీ, సూర్యాపేట సుధాకర్‌వీ మన నేల మీద పుట్టిన గొట్టాలు. ఇక దేశమంతా దొరికే పేర్లు ఎన్నో. నా ఉద్దేశంలో పేరు కన్నా గొట్టం మీది అచ్చు ముఖ్యం. పి.వి.సి. ప్రెషర్ పైపు అయితే ఐ.ఎస్. 4985, వేడినీళ్లకు వాడే సి.పి.వి.సి. అయితే ఐ.ఎస్. 15778, నల్లటి హెచ్.డి.పి.ఇ. అయితే ఐ.ఎస్. 4984. ఆ పక్కన ఎన్ని కిలోల ఒత్తిడికో ఉంటుంది: నాలుగు, ఆరు, పది. పది మీటర్ల ఎత్తు నీళ్లు సుమారు ఒక కిలో ఒత్తిడి. డాబా మీద ట్యాంకుకు నీళ్లెక్కడానికి ఒకటిన్నర కిలోకు మించి రాదు. మరి ఆరు కిలోల పైపు ఎందుకు, నాలుగుది చాలదా అని తెలివైనవాడు అడుగుతాడు. ఒత్తిడికి చాలుతుంది, బతుక్కి చాలదు. ఆ అంకె 27 డిగ్రీల దగ్గర కట్టింది. మా వైశాఖం ఎండలో గోడ మీద కాగే గొట్టానికి అంత బలముండదు. పైగా మోటారు ఆగిన క్షణంలో వెనక్కి తన్నే నీళ్ల దెబ్బ ఒకటుంది. ఆపైన కొబ్బరిచెట్టు ఉంది. దింపు రోజున ముప్ఫై అడుగుల మీంచి గెల పడితే ఏ ఐ.ఎస్. నంబరూ అడ్డుపడదు, గొట్టం భూమిలో ఉండడమొక్కటే రక్ష.

పి.వి.సి. ప్రెషర్ పైపుల్లో ఒక తిరకాసుంది. వాటిని బయటి కొలతతో పిలుస్తారు. అరవైమూడు మిల్లీమీటర్ల పైపు నాలుగు కిలోలదైనా పదికిలోలదైనా బయటికి అరవైమూడే. దళసరి లోపలికి పెరుగుతుంది. కొట్లో వరసగా నిలబెట్టిన గొట్టాలను దూరంనుంచి చూసి తేడా చెప్పలేం. కోసిన చివర వేలు పెట్టి చూడాలి, లేదా అచ్చు చదవాలి. ఇక ఇళ్లలో వాడే తెల్ల యు.పి.వి.సి. అంగుళాల్లో నడుస్తుంది. ఆ అంగుళం గొట్టం బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు. సి.పి.వి.సి.లో అంగుళం అంటే బయటి కొలత 28.6. ముగ్గురూ ఒకే కొట్లో, ఒకే గోడకు ఆనుకుని నిలబడి ఉంటారు, ఒకరి ఫిట్టింగు ఇంకొకరికి పట్టదు.

పట్టనిచోట ఏం చేస్తారు? చేలో మిగిలిన ముక్క, చెరువు దగ్గర మిగిలిన ముక్క ఇంటికి తెస్తారు. ఎండు కొబ్బరాకు మంట వేసి గొట్టం చివర కాచి, మెత్తబడగానే ఇంకో గొట్టం అందులోకి దూర్చి, తడిగుడ్డ వేసి చల్లారుస్తారు. ఆ కాస్త చేతివాటం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మంట ఒకపక్క ఎక్కువ తగిలి అక్కడ పలచబడుతుంది, ఇంకోపక్క మాడి పెళుసెక్కుతుంది. పొలంలో అయితే కారినా వరికే పోతుంది. ఇంటిగోడలో అయితే రంగు ఉబ్బి పెచ్చులూడేదాకా తెలియదు. కప్లింగు ధర కొబ్బరికాయ ధరకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని మిగల్చడానికి గోడ పగలగొట్టుకోవడం నాకు అర్థం కాని లోభం.

అతుకు వేసే జిగురు జిగురు కాదు. అది గొట్టం చర్మాన్నీ ఫిట్టింగు చర్మాన్నీ కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. అందుకే పి.వి.సి.కి పి.వి.సి.దే, సి.పి.వి.సి.కి దానిదే. గొట్టం తిన్నగా కోయాలి, పొరుకు గీకాలి, తడీ మట్టీ లేకుండా తుడవాలి, రెండు వైపులా రాయాలి. చివరిదాకా దూర్చి పావుచుట్టు తిప్పి అరనిమిషం పట్టుకోవాలి. ఈ అరనిమిషమే ఎవరి దగ్గరా ఉండదు. ఫిట్టింగు లోపల నోరు సన్నబడుతూ పోతుంది కాబట్టి, వదిలేస్తే గొట్టం చెప్పకుండా వెనక్కి జరుగుతుంది. ఆ తరవాత రోజంతా ఆరనివ్వాలి. మా గాలిలో తడి ఎక్కువ, వానాకాలమైతే ఇంకా ఎక్కువసేపు. జిగురు డబ్బా మూత పెట్టేలోపే "మోటారు వేసి చూద్దామా" అనే ఇంటి యజమానికన్నా అతుక్కి పెద్ద శత్రువు లేడు.

మరలు కలిసే చోట ఇంకో సూత్రం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. ప్లాస్టిక్ మగ మరను ఇనుప ఆడ మరలోకి బిగించవచ్చు. ఇనుప మగ మరను ప్లాస్టిక్ ఆడ మరలోకి బిగించకూడదు. మర కొసనుంచి వెనక్కి పోయేకొద్దీ లావెక్కుతుంది, బిగించిన ప్రతి చుట్టూ ప్లాస్టిక్‌ను లోపలినుంచి చీల్చడమే. ఆ రోజు పగలదు. టెఫ్లాన్ టేపు ఇంకో నాలుగు చుట్లు వేసి, రెంచితో ఇంకో పట్టు పట్టి, కారడం ఆగిందని సంతోషించిన కొన్నాళ్లకు సన్నటి గీత పడుతుంది. కుళాయి తగిలించే చోటల్లా లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో కొనమనేది అందుకే. ఖరీదు ఎక్కువే. ప్లాస్టిక్ వాటి మీద ఐదారు రెట్లు పలికినా, బేరమాడకుండా కొనాల్సినవి ఇవే.

సైజు దగ్గర జనానికి ఒక భ్రమ ఉంది. గొట్టం సన్నబడితే నీళ్లు జోరుగా వస్తాయని. కుళాయి మూతి వేలితో మూస్తే నీళ్లు దూరం చిమ్ముతాయి కదా అంటారు. దూరం చిమ్ముతాయి, తక్కువ చిమ్ముతాయి. గొట్టం లోపలి వ్యాసం సగమైతే, అన్నే నీళ్లు పంపడానికి రాపిడి కింద పోయే ఒత్తిడి రెండింతలు కాదు, సుమారు ముప్ఫై రెండింతలు. అంగుళానికి బదులు ముప్పావు వేసినా నాలుగు రెట్ల పైచిలుకు. సెకనుకు ఒక లీటరు ఎక్కించే మోటారుంటే అంగుళం గొట్టంలో నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పరిగెడతాయి. అంగుళంపావులో అయితే మీటరుంపావుతో సరిపోతుంది. ఒక్కో ఎల్బో రెండు మూడడుగుల గొట్టంతో సమానం. నూతి నుంచి డాబా దాకా పది ఎల్బోలు తిప్పినవాడు కనపడని ఇరవై పాతిక అడుగుల గొట్టం అదనంగా వేసుకున్నట్టే, కరెంటు బిల్లులో ఏటా దాని అద్దె కడుతున్నట్టే. లాంగ్ బెండు దొరికే చోట ఎల్బో వేయకపోవడం, సరళంగా పోయే దారి ఉంటే అందం కోసం గోడ చుట్టూ తిప్పకపోవడం, ఇంతే.

ఇన్ని అతుకుల బాధ ఎందుకు, అతుకే లేకుండా వేస్తే పోలేదా? లంకల్లో అలాగే చేస్తారు. నల్లటి హెచ్.డి.పి.ఇ. చుట్ట కొనుక్కొచ్చి, బోరు నుంచి ఇంటిదాకా ఒకే ముక్కగా పరిచేస్తారు. ఆ నలుపు బొగ్గుపొడిది, ఎండకు అదే గొడుగు. వరదొచ్చి ఒండ్రు కదిలినా అది వంగుతుందిగాని విరగదు. నాకు లంకల లైన్లంటే గౌరవం. చుట్ట వంపు పోక పాములా మెలికలు తిరిగి చూడ్డానికి బాగోదని ఊళ్లో డాబాలవాళ్లు ఒప్పుకోరు. అదీగాక రెండు కొసల దగ్గరా అతుకు ఎలాగూ తప్పదు.

ఇక ఇందాకటి మాట, విప్పడానికి వీలు. జిగురుతో వేసిన అతుకు శాశ్వతం. తప్పయినా శాశ్వతమే. మోటారు కాలిపోయినా, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్.ఆర్.వి.లో చెత్త చేరినా, ట్యాంకు నిప్పల్ వదులైనా గొట్టం కోయాల్సిందే. కోసిన ప్రతిసారీ కప్లింగు, రెండు కొత్త అతుకులు. పదేళ్లయ్యేసరికి మోటారు పక్కన గొట్టం కనపడదు, కప్లింగులే కనపడతాయి. దీనికి మందు యూనియన్ అనే చిన్న సామాను. రెండు ముక్కలు, మధ్యలో రబ్బరు వాచరు, మీద చేత్తో తిప్పే బిళ్ల. మోటారుకు అటొకటి, ఇటొకటి, వాల్వుకు దగ్గర్లో ఒకటి, ట్యాంకు దగ్గర ఒకటి. పానా లేకుండా విప్పి, తుప్పు కడిగి, మళ్లీ బిగించుకోవచ్చు. వరద హెచ్చరిక వస్తే మోటారు విప్పి డాబా మీదికి చేర్చడానికి ఐదు నిమిషాలు చాలు. 2022 జులై వరదలో లంక గ్రామాలవాళ్లు సామాన్లు పైకి చేరవేసుకున్న తీరు చూసినవాళ్లకు ఆ ఐదు నిమిషాల విలువ చెప్పక్కర్లేదు.

మా మేస్త్రికి యూనియన్ అంటే గిట్టదు.

"ఎందుకండీ డబ్బులు దండగ. పాడైనప్పుడు కోసి కప్లింగు వేసేస్తాను, ఆయ్."

"పాడైన రోజున మీరు రావులపాలెంలో ఎవరిదో అపార్ట్‌మెంటు పనిలో ఉంటారు కదా మేస్త్రిగారూ."

"ఆయ్, ఫోన్ చేస్తే రాకుండా ఉంటానేంటండీ!"

రాడని కాదు. ఆయన లేకుండా మా ఆవిడో, పక్కింటి కుర్రాడో విప్పుకోగలగాలన్నది నా కోరిక. ఆయన కోరిక వేరు. రెండూ న్యాయమైనవే. పని చేసినవాడు తనను మళ్లీ పిలవాలనుకోవడం, చేయించుకున్నవాడు పిలవకుండా గడవాలనుకోవడం ఏ వృత్తిలోనైనా ఉన్నదే. చివరికి యూనియన్లు వేశాడు. బాల్ వాల్వు దగ్గర మాత్రం తన మాటే నెగ్గించుకున్నాడు, గేటు వాల్వు వద్దన్నాడు. ఇనుము నీళ్లకు గేటు వాల్వు లోపల బిగుసుకుపోతుందని ఆయన చెప్పిన కారణం సరైనదే.

అతుకుల సంగతి ఇంటి గొట్టానికే అనుకోకండి. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలవను ఏరు దాటించిన అక్విడెక్టు ఉంది. 1850లలో కట్టింది, 49 వంపులు. కింద ఏరు, మీద కాలవ, అవతల నగరం సీమ చేలు. రాజోలు వైపు వరి పండిందంటే ఆ దాటింపు చలవే. పాతది ముసలిదయ్యాక 2000లో పక్కనే కొత్తది కట్టి, ఆ ఊళ్లోనే వేలమందికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అలాంటి కట్టడంలో ఇంజనీరు నిద్ర చెడగొట్టేది ఏటి మధ్యనున్న వంపు ఒక్కటే కాదు. తాపీకట్టడం మట్టిగట్టుతో కలిసే రెండు కొసలు కూడా. రాయి ఒకలా సర్దుకుంటుంది, మట్టి ఇంకోలా సర్దుకుంటుంది, నీళ్లు ఆ రెంటి మధ్య సందు వెతుక్కుంటాయి. ఇత్తడి ఎల్బో, ప్లాస్టిక్ గొట్టం కలిసే చోట జరిగేదీ అదే.

ఆ నీళ్లు అందుకునే నగరం ఊళ్లోనే 2014 జూన్ 27న తెల్లవారుజామున గ్యాస్ గొట్టం కారి అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారని, లోపల నిలిచిన నీళ్లకు ఇనుము తుప్పు పట్టి పలచబడిందని విచారణలో తేలింది. గొట్టం లోపల ఏం పారుతుందో చూడకుండా గొట్టాన్ని చూడడం ఎంత దూరం తీసుకుపోతుందో ఈ సీమకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నూతి లైనుతో దాన్ని పోల్చడం తగని పని, పోల్చను. కాని అప్పటినుంచి మా వాళ్లు భూమిలో పాతిన ఏ గొట్టాన్నైనా ఒక రకంగా చూస్తారు.

పాతిపెట్టడం గురించి ఒక్క మాట మిగిలింది. మా మాగాణి మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున నెరదీస్తుంది. గొట్టాన్ని ఆ మట్టిలోనే పాతితే ఏడాదికొకసారి అది అతుకులను లాగి చూస్తుంది. కందకంలో కింద నాలుగంగుళాలు, మీద నాలుగంగుళాలు ఏటి ఇసక పోయాలి. రెండడుగుల లోతు చాలు. ఇటుక ముక్కలు తగలకూడదు. కప్పేముందు మోటారు వేసి, ఒక పూటంతా ఒత్తిడిలో ఉంచి, ప్రతి అతుకూ వేలితో తడిమి చూడాలి. అప్పుడు ఫొటో తీసుకోవాలి.

ఫొటో ఎందుకని నవ్వుతారు. కొబ్బరిమొక్క నాటడానికి గొయ్యి తీసేవాడు గునపం ఎక్కడ వేస్తాడో గొట్టానికి తెలియదు, వాడికీ తెలియదు. ఫోన్లు మారతాయి, ఫొటోలు పోతాయి. మా బావగారు ఇంకాస్త పాతకాలం పద్ధతి పట్టారు. మీటరు పెట్టె తలుపు లోపలివైపు పెయింటుతో రాయించారు: "నూతిగట్టు నుంచి తూర్పుగోడ దాకా, గోడకు రెండు మూరలు ఎడంగా, రెండడుగుల లోతున, అంగుళంపావు. మలుపు దగ్గర టీ ఉంది." కరెంటు రీడింగు తీసే కుర్రాడు నెలనెలా అది చదివి, పెరట్లోకి ఒకసారి తొంగిచూసి వెళ్తుంటాడు.